మనస్తత్వ శాస్త్రంలో తొలి పరిశోధన వ్యాసం

డిగ్రీ చివరి సంవత్సరంలో మనస్తత్వ శాస్త్ర విద్యార్థి అధ్యాపకుని వద్దకు వచ్చి చెప్పే మొదటి మాట సాధారణంగా ఇట్లా ఉంటుంది: "సార్, యువతరంపై సెల్‌ఫోన్ ప్రభావం అనే అంశం తీసుకుందామనుకుంటున్నానండి." అంశం చెడ్డది కాదు; కాని అది ప్రశ్న కాదు. యువతరమంటే ఎవరు? ప్రభావం దేనిమీద? నిద్రమీదనా, చదువుమీదనా, స్నేహాలమీదనా? ఆ ప్రభావాన్ని దేనితో కొలవాలి? ఈ మూడింటికి జవాబు చెప్పలేనంతవరకు ఆ విద్యార్థి చేతిలో ఉన్నది ఒక శీర్షిక మాత్రమే.

ఇట్టి పరిశోధన వ్యాసం వ్రాయడం కొన్ని దేశాలలో చాలాకాలంగా ఉన్న ఆచారం. ఇంగ్లండులో బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపు గల డిగ్రీలలో ప్రతి విద్యార్థి తనంతట తాను ఒక పరిశోధన చేసి దానిని వ్రాతలో సమర్పించవలసి ఉంటుంది. మన దేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన పాఠ్యప్రణాళిక ప్రకారం, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం గాని, అంతకు మించి గాని మార్కులు పొందినవారు నాలుగవ సంవత్సరంలో పరిశోధనతో కూడిన ఆనర్సు డిగ్రీ చేయవచ్చును. అందులో వ్యాసానికి 12 క్రెడిట్లు. నేడు ఉన్నత పాఠశాలలో చదువుతున్నవారిలో కొందరికి ఈ పని రేపు ఎదురు కానున్నది. కనుక అది ఎట్లా నడుస్తుందో ఒక ఉదాహరణ వెంట పోయి చూద్దాం.

పరీక్షల రోజుల్లో ప్రతి ఇంటా వినబడే ప్రశ్న ఒకటి ఉన్నది. పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదవడం మేలా? లేక ఒకసారి చదివి, పుస్తకం మూసి, చూడకుండా అప్పజెప్పుకోవడం మేలా? తల్లిదండ్రులు ఒకటి చెపుతారు, ఉపాధ్యాయులు ఒకటి చెపుతారు. ప్రయోగశాల ఏమి చెపుతుంది?

స్మృతిని కొలవవచ్చునని మొదట చూపినవాడు జర్మనీ దేశస్థుడు హెర్మన్ ఎబింగ్‌హాస్. ఆయన సుమారు 2,300 అర్థరహిత పదాంశాలు తయారు చేసుకొని, తానే ప్రయోక్త, తానే ప్రయోజ్యుడు అయి, వాటి జాబితాలను కంఠస్థం చేసి, కొంత వ్యవధి గడచిన తరువాత మళ్ళీ నేర్చుకొనేటప్పుడు ఎంత శ్రమ ఆదా అవుతున్నదో లెక్క గట్టాడు. (ప్రయోగానికి లోనయ్యే వ్యక్తిని మన శాస్త్రంలో ప్రయోజ్యుడంటారు.) 20 నిమిషాల తరువాత 58 శాతం, ఒక రోజు తరువాత 34 శాతం, 31 రోజుల తరువాత 21 శాతం ఆదా అయినట్లు ఆయన 1885లో ప్రకటించాడు. మరపు మొదట వేగంగాను, పిదప మెల్లగాను సాగుతుందని దీనివల్ల తేలింది.

మన ప్రశ్నకు మరింత దగ్గరి ప్రయోగం 2006లో వచ్చింది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 120 మంది డిగ్రీ విద్యార్థులకు రెండు చిన్న పాఠాలు ఇచ్చారు. ఒకటి సూర్యుని గూర్చి, మరొకటి సముద్రపు నీటికుక్కల గూర్చి. ప్రతి విద్యార్థి ఒక పాఠాన్ని 7 నిమిషాలు చదివి, మరల 7 నిమిషాలు చదివాడు. రెండవ పాఠాన్ని 7 నిమిషాలు చదివి, తరువాతి 7 నిమిషాలు పుస్తకం చూడకుండా, జ్ఞాపకమున్నదంతా కాగితంపై వ్రాశాడు. పిమ్మట కొందరికి 5 నిమిషాల తరువాత, కొందరికి 2 రోజుల తరువాత, కొందరికి వారం తరువాత చివరి పరీక్ష పెట్టారు. ఐదు నిమిషాలకైతే మళ్ళీ చదివిన పాఠమే నెగ్గింది: 81 శాతం, జ్ఞప్తికి తెచ్చుకొన్నదానికి 75 శాతం. రెండు రోజులకు కథ తిరగబడింది: 54కు 68. వారానికి 42కు 56. అనగా పరీక్ష రేపు పొద్దున్నే అయితే ఒక మాట, వారం తరువాతనైతే మరొక మాట.

ఇందులో నాకు ఎక్కువ విలువైనదిగా తోచే సంగతి వేరొకటి. అదే వ్యాసంలోని రెండవ ప్రయోగంలో, వారం తరువాత మీకు ఎంత జ్ఞాపకముంటుందని ప్రయోజ్యులను అడిగారు. నాలుగుసార్లూ చదివినవారికే ధీమా ఎక్కువగా ఉన్నది. వారం తరువాత అందరికన్న తక్కువ వ్రాసినదీ వారే. మన మనస్సు గూర్చి మనకు తెలుసునన్న నమ్మకం ఎంత పనికివస్తుందో దీనివల్ల తెలుస్తుంది. మనస్తత్వ శాస్త్రంలో ప్రయోగం అవసరమయ్యేది సరిగా ఇందుకే.

"ఇదివరకే తేలినది గదా, మళ్ళీ చేయడం దేనికి?" అని మన విద్యార్థి అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. 2015లో పెద్ద పరిశోధక బృందం ఒకటి, 2008లో మూడు పేరొందిన పత్రికలలో వచ్చిన 100 మనస్తత్వ పరిశోధనలను తిరిగి చేసి చూచింది. మొదటిసారి వాటిలో 97 సార్థక ఫలితాలను చూపినవే. రెండవసారి సార్థక ఫలితం వచ్చినవి 36 శాతం మాత్రమే. ఈ వార్త మా శాస్త్రానికి చాలా తలవంపులు తెచ్చింది. నా అభిప్రాయంలో మేలు కూడా చేసింది. ఒకచోట ఒకసారి వచ్చిన ఫలితాన్ని వేరొకచోట సరిచూడడం చిన్న పని కాదని అందరూ గుర్తించారు. డిగ్రీ విద్యార్థుల చేతనే పాత ప్రయోగాలను పలు కళాశాలలలో ఒకే రీతిగా చేయించి, ఫలితాలను కలిపి చూచే పద్ధతులు కూడా అమెరికాలోను, బ్రిటన్‌లోను నెలకొన్నాయి. పైగా సెయింట్ లూయిస్ విద్యార్థులు ఇంగ్లీషు పాఠం ఇంగ్లీషులో చదివారు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవాడు తెలుగు పాఠాన్ని చదివితే ఏమవుతుంది? ఇరవయ్యేళ్ళ విద్యార్థి ఒక్కడే, ఒక్క సెమిస్టరులో జవాబు చెప్పగల పరిమాణంలో ఉన్న ప్రశ్న ఇది.

ఇక పథకం. ఇక్కడే కొంచెం నిలిచి ఆలోచించాలి, ఏలనగా వ్యాసం బాగుపడేదీ చెడేదీ ఇక్కడనే.

సగం మందికి చదివించి, సగం మందికి అప్పజెప్పించి పోల్చవచ్చును. కాని ఒక సమూహంలో స్వతహాగా జ్ఞాపకశక్తి ఎక్కువ గలవారు పడితే? చీటీలు వేసి విభజించినా, మంది తక్కువైతే ఇట్టి తేడాలు మిగిలిపోతాయి. లెక్క చూడండి. రెండు పద్ధతుల మధ్య నిజమైన భేదం మార్కుల ప్రామాణిక విచలనంలో సగం ఉన్నదనుకొందాం. అట్టి భేదాన్ని నూటికి 80 పర్యాయాలు పట్టుకోవాలంటే ఒక్కొక్క సమూహంలో 64 మంది, మొత్తం 128 మంది కావాలి. అట్లు కాక ఒకే వ్యక్తి చేత రెండు పద్ధతులూ చేయించి, అతని మార్కును అతని మార్కుతోనే పోలిస్తే, ఆ భేదాల సగటు వాటి ప్రామాణిక విచలనంలో సగమున్నప్పుడు 34 మంది చాలు. ఒక తరగతి గదిలో దొరికే సంఖ్య అది. 15 మందితో చేసి "భేదం లేదు" అని తేల్చిన వ్యాసాలను నేను చూచాను. అంతమందితో అట్టి భేదం ఉన్నా కనబడకపోవడానికే అవకాశం ఎక్కువ.

అయితే ఒకే వ్యక్తి చేత రెండూ చేయిస్తే కొత్త చిక్కు వస్తుంది. అందరూ మొదట చదివి, తరువాత అప్పజెప్పితే, రెండవ పనికి వచ్చేసరికి అలసట ఉంటుంది, లేదా అలవాటు ఉంటుంది. పాఠాలలో ఒకటి సులభం, ఒకటి కఠినం కావచ్చు. కనుక ప్రయోజ్యులను నాలుగు వంతులు చేసి, ఏ పాఠం ఏ పద్ధతికి, ఏ పద్ధతి ముందు అన్నవి మారుస్తూ పోవాలి. 34కు బదులు 36 మందిని తీసుకొంటే వంతుకు 9 మంది చొప్పున సరిపోతారు. వారం తరువాత కొందరు రారు. అందుచేత 40 మందితో మొదలుపెట్టడం వివేకం.

అసలు ప్రయోగానికి ముందు నలుగురైదుగురు మిత్రులపై ఒకసారి నడిపి చూడాలి. ఈ పని చాలమందికి వృథాగా తోస్తుంది. కాని పాఠం మరీ సులభమై అందరికీ 28, 29 మార్కులు వస్తే రెండు పద్ధతులలో ఏది మేలో ఎట్లా తెలుస్తుంది? జానెడు కర్రతో తాటిచెట్టును కొలిచినట్లే. పాఠం మరీ కఠినమై అందరికీ మూడు, నాలుగు వచ్చినా అదే స్థితి. వాక్యాలలో అర్థం కాని మాట, గడియారం చూచేవారెవరన్న సందేహం, పక్కవాని కాగితంలోకి తొంగిచూచే కుర్చీల అమరిక: ఇవన్నీ బయటపడేది అప్పుడే.

ప్రయోజ్యులు మన మిత్రులే అయినా వారి సమ్మతి తీసుకోవాలి. ఏమి చేయిస్తున్నామో, ఎంతసేపో చెప్పి, ఇష్టం లేకపోతే మధ్యలో లేచిపోవచ్చునని స్పష్టంగా తెలిపి, సమ్మతి పత్రంపై సంతకం పుచ్చుకోవాలి. కళాశాలలో నైతిక సమీక్షా సంఘముంటే ముందే దాని అనుమతి కావాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, 18 సంవత్సరాలు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతితో పాటు, తెలివి తెలిసిన పిల్లల అంగీకారం కూడా పొందాలి. పాఠశాలలో ఈ ప్రయోగాన్ని చేయించాలని ఉత్సాహపడే ఉపాధ్యాయులు దీనిని మరువరాదు. "మాస్టారు చెప్పారు గనుక కూర్చున్నాను" అన్నది సమ్మతి కాదు. సమ్మతి పత్రంలో పేరుంటుంది. జవాబు కాగితంలో సంఖ్య మాత్రమే ఉండాలి.

జవాబులు దిద్దడం మరొక ఘట్టం. పాఠంలోని భావాలను ముందే 30 ముక్కలుగా విడగొట్టి, ప్రయోజ్యుడు వ్రాసినదానిలో ఎన్ని ముక్కలున్నవో లెక్కపెడతారు. మాటలు వేరైనా భావం ఉంటే మార్కు ఇవ్వాలి. ఇందులో దిద్దేవాని ఇష్టానికి చోటున్నది. ఆ చోటు ఎంత అపాయకరమో 1963లో రోసెంతాల్, ఫోడ్ చూపారు. వారు 12 మంది విద్యార్థులకు తలా ఐదు ఎలుకలు ఇచ్చి, వాటి చేత చిక్కుదారిలో పరుగు నేర్పించమన్నారు. ఆరుగురికి మీవి తెలివైన జాతి ఎలుకలని, ఆరుగురికి మీవి మందబుద్ధి జాతివని చెప్పారు. నిజానికి అన్నీ మామూలు ఎలుకలే. "తెలివైన" ఎలుకలే మేలుగా నేర్చినట్లు లెక్కలు వచ్చాయి! విద్యార్థులు మోసం చేశారని దీని అర్థం కాదు. ఎదురుచూచేది కంటికి కనబడుతుంది, చేతిలోకి వస్తుంది. కాబట్టి జవాబు కాగితంపై అది ఏ పద్ధతిదో తెలియకుండా సంఖ్యలు వేసి, ఇద్దరి చేత విడివిడిగా దిద్దించి, ఇద్దరి మార్కులు ఎంతవరకు కలిసినవో వ్యాసంలో చూపాలి.

ఇంతకన్న పెద్ద అపాయం మార్కులు చేతికి వచ్చిన తరువాత ఉన్నది. 2011లో సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ అనే ముగ్గురు ఒక వింత ఫలితాన్ని ప్రకటించారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని 20 మంది విద్యార్థులలో బీటిల్స్ బృందం పాట ఒకటి విన్నవారు, వేరొక బాణీ విన్నవారికన్న దాదాపు ఏడాదిన్నర చిన్నవారైనారట! పాట వింటే వయస్సు తగ్గుతుందా? తగ్గదు. అయినా లెక్క "సార్థకం"గానే వచ్చింది. వారు కావాలనే అట్లా చేసి చూపారు. పలు సంగతులు అడిగి, పనికివచ్చినవే చెప్పి, తండ్రుల వయస్సులను లెక్కలో కలిపి, సార్థకత వచ్చేదాకా మధ్యమధ్య లెక్క చూచుకొంటూ పోతే ఎట్టి అసంబద్ధమైనా నిరూపణ అవుతుందని వారి వాదం. రెండు కొలతలలో బాగున్నదాన్ని ఎంచుకోవడం, ఫలితం రాకపోతే మరికొందరిని చేర్చడం వంటి నాలుగు స్వేచ్ఛలను కలిపి వాడితే, 5 శాతం ఉండవలసిన పొరపాటు 61 శాతం దాకా పెరుగుతుందని వారు కంప్యూటరు లెక్కలతో చూపారు.

ఇది చదివినప్పుడు నాకు నా డిగ్రీ వ్యాసం గుర్తుకు వచ్చింది. చదివేటప్పుడు సంగీతం వినడం ధారణకు తోడ్పడుతుందా అన్నది నా ప్రశ్న. 30 మంది సహవిద్యార్థులు. 15 మంది సంగీతంతో, 15 మంది నిశ్శబ్దంగా. సమర్పించడానికి పది రోజుల ముందు లెక్క వేస్తే భేదం కనబడలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఒక మిత్రుడు, "శ్రద్ధగా చేయనివాళ్ళను తీసేసి చూడరాదుట్రా" అన్నాడు. ఎవరు శ్రద్ధగా చేయలేదా అని ఆలోచించాను. ముగ్గురు జ్ఞాపకం వచ్చారు. ఒకడు కిటికీలోంచి చూచాడు, ఒకడు నవ్వాడు, ఒకడు ముందే ముగించాడు. ముగ్గురూ నిశ్శబ్ద సమూహంలోనివారే, ముగ్గురికీ మంచి మార్కులే. వారిని తీసివేయగానే భేదం సార్థకమైంది. నేను అబద్ధమాడుతున్నానని ఆనాడు నాకు ఒక్క క్షణమైనా తోచలేదు. సంగీత సమూహంలో కిటికీలోంచి చూచినవారి కోసం నేను వెదకలేదు, అంతే. వ్యాసానికి మంచి మార్కులు వచ్చాయి.

అందుచేత నేడు నా విద్యార్థుల చేత ప్రయోగానికి ముందే ఒక కాగితం వ్రాయిస్తున్నాను. ప్రశ్న ఏమిటి, ప్రాక్కల్పన ఏమిటి, ఎంతమంది, ఎవరి మార్కులు ఏ కారణంగా తీసివేస్తాము, ఏ లెక్క వేస్తాము. అన్నీ వ్రాసి తేదీ వేసి, ఇద్దరం సంతకాలు చేసి, కవరులో పెట్టి అంటిస్తాము. పాశ్చాత్య దేశాలలో ఈ పనిని ఇంటర్నెట్టులో బహిరంగంగా నమోదు చేస్తారు. 2013 నుండి కొన్ని పత్రికలు ఫలితం రాకముందే పథకాన్ని చూచి వ్యాసాన్ని అంగీకరించే పద్ధతి కూడా పెట్టాయి. మా కవరుకు ఖర్చు చాలా తక్కువ. తరువాత వేరే లెక్కలు వేయరాదని కాదు. వేయవచ్చును, కాని అవి తరువాత తోచినవని వ్యాసంలో చెప్పవలసి ఉంటుంది.

ఇక వ్రాత విషయం. ఉపోద్ఘాతం, పద్ధతి, ఫలితాలు, చర్చ అని నాలుగు భాగాలు. ఉపోద్ఘాతంతో మొదలుపెట్టి నెలరోజులు అక్కడే చిక్కుకొనేవారు చాలమంది. పద్ధతి భాగాన్ని ముందు వ్రాయడం మేలు, అదీ ప్రయోగం జరిగిన వారంలోనే. గదిలో ఎంతమంది కూర్చున్నారో, కరెంటు పోయి ఎన్ని నిమిషాలు ఆగారో అప్పుడే జ్ఞాపకముంటుంది. ఎబింగ్‌హాస్ చెప్పిన మరపు పరిశోధకునికి కూడా వర్తిస్తుంది సుమా! మరొక కళాశాల విద్యార్థి ఈ భాగాన్ని మాత్రమే చదివి, మనల్ని ఏమీ అడగకుండా అదే ప్రయోగం చేయగలగాలి. పథకంలోని "చేయబడును" అన్న మాటలను "చేయబడినది" అని మార్చడం మరచి అట్లే సమర్పించేవారున్నారు. పరీక్షకుని కన్ను మొదట పడేది వాటిమీదనే. ఉపోద్ఘాతంలో మనస్తత్వ శాస్త్ర చరిత్ర అక్కరలేదు. మన ప్రశ్నకు దారితీసిన పరిశోధనలు అయిదారు, అవీ స్వయంగా చదివినవి, చాలు. వ్యాసాన్ని ఇంగ్లీషులో సమర్పించవలసివచ్చినా, మొదట తెలుగులో ఒక పుటలో మీ ఇంట్లోవారికి అర్థమయ్యేట్లు వ్రాసి చూడండి. అక్కడ వ్రాయలేని వాక్యం మీకే అర్థం కాని వాక్యం కాబోలు.

ఫలితాలలో సగటులు, ప్రామాణిక విచలనాలు, భేద పరిమాణం ఇవ్వాలి. "సార్థకం" అన్న ఒక్క మాట చాలదు. ఆ మాటకు అర్థం, నిజంగా భేదమే లేకపోతే ఇంతటి లేక ఇంతకు మించిన భేదం యాదృచ్ఛికంగా కనబడే అవకాశం నూటికి 5 కన్న తక్కువ అని మాత్రమే. మన ప్రాక్కల్పన నూటికి 95 పాళ్ళు నిజమని కాదు. ఈ పొరపాటు పాఠ్యపుస్తకాలలో కూడా కనబడుతుంది.

భేదం రాకపోతే? విద్యార్థులు ఎక్కువగా భయపడేది దీనికే. చర్చలో ఏమి వ్రాయాలండీ, వ్యాసం పోయినట్లేనా అని అడుగుతారు. పోలేదు. మీ ప్రయోగం ఎంత భేదాన్ని పట్టుకోగలిగినదో చెప్పండి. పాఠం పొడవు, వ్యవధి, ప్రయోజ్యుల వయస్సు, భాష మొదటి ప్రయోగానికి ఎక్కడ భిన్నమో చెప్పండి. వీటిలో ఏది కారణమో మీ లెక్కలు చూపలేనప్పుడు ఆ మాటే వ్రాయండి. నిరుడు నా విద్యార్థిని ఒకామె వ్యాసంలో మూడు శాతం భేదమే వచ్చింది, సార్థకం కాలేదు. ఆమె కవరు తెరచి, అందులో వ్రాసినట్లే లెక్క వేసి, ఉన్నదున్నట్లు వ్రాసింది. మౌఖిక పరీక్షలో ఆమెను అడిగినవన్నీ పద్ధతిని గూర్చిన ప్రశ్నలే, ఒక్కదానికీ తడబడలేదు.

జవాబు కాగితాలను, మార్కుల పట్టికను పారవేయకండి. పట్టికను పేర్లు లేకుండా వ్యాసం చివర అనుబంధంగా చేర్చండి, ఎవరైనా తిరిగి లెక్క వేసుకొనేట్లు. నా డిగ్రీ వ్యాసం ఇప్పటికీ నా అలమరలో ఉన్నది. ఆ ముగ్గురినీ తిరిగి చేర్చి లెక్క వేద్దామని ఒకసారి తీశాను. అందులో 27 మంది మార్కుల సగటులే ఉన్నాయి. జవాబు కాగితాలు ఏనాడో పాత పేపర్లవానికి తూకానికి పోయాయి.